మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబరు 15వ తేదీన దేశమంతటా ఇంజనీరింగు కళాశాలల్లో ఒక చిత్రపటానికి పూలమాల వేస్తారు. జరీ అంచు మైసూరు తలపాగా, మెడ వరకు బొత్తాలు పెట్టిన కోటు, కళ్లజోడు వెనుక నిశితమైన చూపు. ఆ పటంలోని వ్యక్తి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఏం చేశారని అడిగితే ఆనకట్టలు కట్టారని విద్యార్థులు వెంటనే చెబుతారు. అది నిజమే. అయితే ఆనకట్ట కంటికి కనిపిస్తుంది. దానిని కట్టగల మనిషిని తయారుచేసిన బడి అంత సులభంగా కనిపించదు. ఇంజనీరింగు చదువుకోసం పరాయి రాష్ట్రానికి వెళ్లక తప్పని ఒక పేద విద్యార్థి, తర్వాత అధికారం చేతికి అందినప్పుడు తన ప్రాంతపు పిల్లలకు ఆ అవసరం లేకుండా చేశాడు. విశ్వేశ్వరయ్య జీవితంలో ఈ భాగాన్ని మనం తక్కువగా తలచుకుంటాం.

ఆయన పూర్వీకులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం వారి స్వగ్రామం. కొన్ని తరాల కిందట ఆ కుటుంబం మైసూరు సంస్థానానికి వలస వెళ్లినా ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. చిక్కబళ్లాపురం సమీపాన ఉన్న ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య జన్మించారు. పుట్టిన సంవత్సరం 1860 అని చెప్పే గ్రంథాలు కూడా ఉన్నాయి. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. పాండిత్యానికి ఆ ఇంట లోటు లేదు గాని, ధనానికి మాత్రం ఎప్పుడూ కొరతే. పదిహేనేళ్లయినా సరిగా నిండకముందే తండ్రి మరణించడంతో కుటుంబం మరింత కష్టాల్లో పడింది.

చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని, ఆయన బెంగుళూరులోని మేనమామ ఇంటి ఆసరాతో చదువు కొనసాగించారు. సెంట్రల్ కళాశాలలో చదువుతున్న రోజుల్లో కొడగుకు చెందిన ఒక కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులకు సంపాదించుకొనేవారు. భోజనం ఒకచోట, పడక మరొకచోట. రోజూ ఆ రెండిళ్ల మధ్య కాలినడకే. గణితంలో ఆయన ప్రతిభను గుర్తించిన కళాశాల అధ్యక్షుడు చార్లెస్ వాటర్స్ ఆయనను ఎంతో ఆదరించారు. 1881లో పట్టభద్రులయ్యారు.

తర్వాత ఏం చదవాలన్న ప్రశ్నకన్నా, ఎక్కడ చదవాలన్నది పెద్ద ప్రశ్న అయింది. ఆనాడు మైసూరు సంస్థానంలో ఇంజనీరింగు పట్టాకు చదువు చెప్పే కళాశాల లేదు. మద్రాసులోని గిండీకి గాని, బొంబాయి రాజధానిలోని పూనాకు గాని పోవాలి. దివాను రంగాచార్లు హయాంలో సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో విశ్వేశ్వరయ్య పూనా సైన్సు కళాశాలలో చేరారు. 1883లో బొంబాయి రాజధాని మొత్తంమీద ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు. ఆ ఉపకార వేతనమే లేకపోతే ఆ గణిత ప్రతిభ ఏ కచేరీ గుమాస్తా బల్ల దగ్గరో ముగిసిపోయి ఉండేది. ఆ రోజుల్లో అలా ముగిసిపోయిన ప్రతిభలు ఎన్నో లెక్క కట్టినవారు లేరు.

1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా చేరిన విశ్వేశ్వరయ్య నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతాల్లో పనిచేశారు. సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి తాగునీటి పథకం ఏర్పాటుచేసే బాధ్యత ఆయన మీద పడినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. సింధు నది నీరు బురదతో నిండి ఉంటుంది. దానిని వడపోసే తొట్లు కట్టించే స్తోమత ఆ పురపాలక సంఘానికి లేదు. అప్పుడాయన నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరలగుండా ఊరి వచ్చిన నీటిని సేకరించే పద్ధతిని అమలుచేశారు. నది ఇసుకే వడపోత యంత్రమైంది. ఎండాకాలంలో ఏటిలో చెలమ తవ్వుకొని నీళ్లు తోడుకొనే మన పల్లె జనానికి ఈ సూత్రం కొత్తదేమీ కాదు. దానిని ఒక పట్టణానికి సరిపడే పరిమాణానికి పెంచడంలోనే ఇంజనీరు నేర్పు ఉంది.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు ఆయనకు మరింత పేరు తెచ్చాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండా, మిగులు నీరు పొర్లిపోయే చోట ఈ తలుపులు పెట్టారు. జలాశయం నిర్ణీత మట్టానికి నిండగానే నీటి బలంతోనే తలుపులు తెరుచుకొని వరదను వదులుతాయి. మట్టం తగ్గగానే వాటంతటవే మూసుకొంటాయి. మనిషి కాపలా ఉండి తిప్పవలసిన పని లేదు. ఈ ఏర్పాటువల్ల పాత ఆనకట్టతోనే ఎనిమిది అడుగుల మేర అదనంగా నీరు నిలవచేయగలిగారు. తర్వాత గ్వాలియరులోను, కృష్ణరాజసాగరంలోను ఇటువంటి తలుపులనే వాడారు.

నీరా కాలువ కింద ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి గురించి మన ప్రాంతపు విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. శ్రీరాంసాగరు నుంచి వచ్చే కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పొలాలను తడుపుతూ సాగుతుంది. కాలువ మొదట్లో ఉన్న రైతుకు నీరు పుష్కలంగా అందడం, చివరి భూముల రైతు ఎదురుచూడటం కాలువ కింద వ్యవసాయం చేసే ప్రతి కుటుంబానికీ తెలిసిన సంగతే. నీరా కాలువ కిందా అదే పరిస్థితి. విశ్వేశ్వరయ్య ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకులో ఎక్కువ నీరు తాగే పంటను, తక్కువ నీటితో పండే పంటలను వంతులవారీగా మార్చి మార్చి వేయించే విధానం సూచించారు. అలా చేస్తే నీరు ఎక్కువ గ్రామాలకు అందుతుంది. భూమి చవుడుబారదు. తొలుత రైతులు ఈ పద్ధతిని అనుమానించారు. ఎవరి పొలానికి నీరు తగ్గుతుందోనన్న భయం సహజం. ఆయన వారితో సమావేశమై నచ్చజెప్పిన తర్వాతనే అది అమలైంది.

ఇంత పేరు సంపాదించినా, బొంబాయి ప్రభుత్వంలో ప్రధాన ఇంజనీరు పదవి భారతీయుడికి దక్కే ఆశ ఆ రోజుల్లో లేదు. ఈ వాస్తవాన్ని గ్రహించిన విశ్వేశ్వరయ్య 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగాన్ని వదులుకొని విదేశీ పర్యటనకు బయలుదేరారు. ఆయన ఐరోపాలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు చరిత్రలో మరచిపోలేనిది. వంతెనలు మునిగాయి. అఫ్జల్‌గంజ్ పరిసరాలు తుడిచిపెట్టుకుపోయాయి. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్యను సుమారు 15,000గా చెబుతారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఆ విషాదానికి సాక్షిగా నిలిచింది.

1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్న విశ్వేశ్వరయ్య మొదట చేసిన పని, వరద ఎందుకు వచ్చిందో కనుక్కోవడం. నగరంలో కూర్చుంటే ఆ కారణం దొరకదు. ఆయన మూసీ పరీవాహక ప్రాంతమంతటా కొలతలు తీయించారు, వర్షపాతపు లెక్కలు సేకరించారు. హైదరాబాదుకు ఎగువన మూసీ పరీవాహకంలో సుమారు ఎనిమిదివందల చెరువులున్నాయి. ఒకదాని అలుగు మరొకదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులవి. కుంభవృష్టికి పైచెరువు తెగితే ఆ నీటి తాకిడికి కిందిది తెగుతుంది. ఆ విధంగా రెండువందలకు పైగా చెరువులు తెగిపోయి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడిందని తేలింది. ఊరిని పోషించిన చెరువులే ఆ రాత్రి నగరానికి ముప్పుగా మారాయి.

ఆయన సూచించిన పరిష్కారం నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద మరొకటి జలాశయాలు నిర్మించడం. వరద వచ్చినప్పుడు ఆ నీటిని అక్కడే ఆపి, నది భరించగలిగినంత మేరకే కిందికి వదలాలి. వాటితోపాటు నది ఒడ్డున కరకట్టలు, ఉద్యానాలు, నగరానికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ కూడా ఆయన నివేదికలో ఉన్నాయి. అదే ఏడాది నివేదిక సమర్పించి, నవంబరులో మైసూరు ప్రధాన ఇంజనీరుగా వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక పొరపాటు సవరించుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను విశ్వేశ్వరయ్య కట్టారని సాధారణంగా చెబుతుంటాం. ఆలోచన ఆయనది. నిర్మాణ భారం మోసిన వారు సి. టి. దలాల్, ఆయనతో పనిచేసిన ఇతర ఇంజనీర్లు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 1918లో నిజాం ప్రభుత్వ ప్రధాన ఇంజనీరు అయిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ తర్వాత నిజాంసాగర్‌ను నిర్మించి ఖ్యాతి గడించారు. విశ్వేశ్వరయ్యా ఆయనా కలిసి 1929లో సుక్కూరు ఆనకట్ట పనులను పరిశీలించే సంఘంలో సభ్యులుగా పనిచేశారు. అలీ నవాజ్ జంగ్ జయంతి అయిన జులై 11ను 2014 నుంచి తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఒకరి ఆలోచనను మరొకరు పూర్తిచేయడం ఈ వృత్తిలో తరచుగా జరిగేదే. పేర్లు మాత్రం అందరివీ మిగలవు.

మైసూరులో విశ్వేశ్వరయ్య 1909 నుంచి మూడేళ్లు ప్రధాన ఇంజనీరుగాను, 1912 నుంచి 1918 వరకు దివానుగాను ఉన్నారు. కావేరి మీద కృష్ణరాజసాగరం నిర్మాణం 1911లో ప్రారంభమైంది. అంత ఖర్చు సంస్థానం భరించగలదా అన్న సందేహం ఒకవైపు, దిగువనున్న మద్రాసు ప్రభుత్వపు అభ్యంతరం మరొకవైపు ఆ పనిని వెంటాడాయి. సిమెంటుకు బదులుగా సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీతో కట్టిన ఆ ఆనకట్ట ఇరవై ఏళ్లకు పూర్తయింది. ఈ కథ అందరికీ తెలిసినదే కనుక దానిని ఇంతటితో వదిలి, ఆయన దివానుగా చేసిన మరొక పని వైపు చూద్దాం.

1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక సంస్థానం తన సొంత విశ్వవిద్యాలయాన్ని స్థాపించుకోవడం ఆనాటికి కొత్త సంగతి. మరుసటి సంవత్సరం, అంటే 1917లో, బెంగుళూరులో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. ఉపకార వేతనం దొరికిన ఒకరిద్దరు మాత్రమే పూనాకో, గిండీకో పోయి చదివే కాలం అక్కడితో ముగిసింది. నేడు ఆ కళాశాల విశ్వేశ్వరయ్య పేరుతోనే నడుస్తున్నది. వ్యవసాయ పాఠశాల, యంత్రపనులు నేర్పే పాఠశాలల ఏర్పాటు కూడా ఆయన కాలంలోనే జరిగింది. ఆనకట్ట కట్టడానికి ఇంజనీరు ఒక్కడు చాలడు. కొలతలు తీసే సర్వేయరు, నమూనా గీసే డ్రాఫ్ట్స్‌మన్, యంత్రం బాగుచేసే మెకానిక్, ఫౌండ్రీ పనివాడు ఉండాలి. ఈ మెట్లన్నింటికీ బడి ఉండాలని ఆయన భావించారు.

తెలుగు ప్రాంతాల సంగతి దీనితో పోల్చి చూస్తే భేదం తెలుస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల 1929లో మొదలైంది. కోస్తా జిల్లాల విద్యార్థులు 1946 వరకు గిండీ వైపే చూడవలసి వచ్చింది. ఆ ఏడాది విశాఖపట్నంలో ప్రారంభమైన కళాశాల తర్వాత కాకినాడకు తరలింది.

1918లో విశ్వేశ్వరయ్య దివాను పదవి నుంచి వైదొలిగారు. ప్రభుత్వోద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం కల్పించాలన్న మహారాజు నిర్ణయంతో ఆయన ఏకీభవించలేకపోయారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన వాదం. అయితే ప్రతిభ వికసించడానికి బడి, తిండి, ఆసరా ముందు అందాలని ఆయన సొంత బాల్యమే చెబుతున్నది. మేనమామ ఇల్లు, సంస్థానం ఉపకార వేతనం లేని పిల్లల సంగతి ఆ వాదంలో తగినంతగా కనిపించదు. ఎంతటి మేధావి చూపుకైనా కొన్ని హద్దులుంటాయి.

పదవి వదిలిన తర్వాత కూడా ఆయన పని ఆగలేదు. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారాన్ని 1923 నుంచి ఆరేళ్లపాటు నడిపి నిలబెట్టారు. తనకు రావలసిన వేతనాన్ని యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు వినియోగించవలసిందని కోరారు. దాని ఫలితంగా 1943లో బెంగుళూరులో శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థ వెలసింది. మరమగ్గాల చప్పుడు వినిపించే సిరిసిల్ల వంటి పట్టణంలో, యంత్రం ఆగిపోతే దానిని బాగుచేసే చేతి విలువ ఎంతో చెప్పనక్కరలేదు. ఆ చేతికి పాఠశాలలో చోటు దొరకాలన్నదే ఆ సంస్థ వెనుక ఉన్న ఆలోచన.

వృత్తిలో ఉన్నవారు ఒంటరిగా మిగిలిపోకూడదన్నది ఆయన పట్టుదల. ఒక పనిలో ఒక ఇంజనీరు తెలుసుకున్న విషయం నివేదికలో అణగిపోతే, మరొకచోట మరొకరు అదే పొరపాటు చేస్తారు. సమావేశాలు, పత్రసమర్పణలు, చర్చలు ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. లండనులోని సివిలు ఇంజనీర్ల సంస్థలో ఆయన దాదాపు అర్ధశతాబ్దం సభ్యులు. 1916-18 నాటి పారిశ్రామిక సంఘం సిఫార్సుల ఫలితంగా 1920లో మద్రాసులో నమోదైన భారత ఇంజనీర్ల సంస్థ 1943లో ఆయనకు గౌరవ ఆజీవ సభ్యత్వం ఇచ్చింది. 1935లో రాజశాసనం పొందిన ఈ సంస్థ నిర్వహించే పరీక్షల ద్వారా, కళాశాలలో చేరే స్తోమత లేక ఉద్యోగం చేసుకుంటున్న ఎందరో ఇంజనీరు అర్హత పొందారు. 1923లో భారత విజ్ఞాన మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. ఎనభై ఏళ్ల వయసులో, 1941లో, పరిశ్రమల యజమానులను కూడగట్టి అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించారు.

అదే 1941లో ఇంజనీరింగు బోధన రంగంలో మరొక సంఘం పుట్టింది. అది సాంకేతిక విద్యాసంస్థల ప్రధానాచార్యుల సంఘం. విశ్వేశ్వరయ్య స్థాపించినది కాదు గాని, ఆయన పాతికేళ్లుగా వేస్తున్న ప్రశ్ననే అదీ వేసుకున్నది. కళాశాలలు పెరుగుతున్నాయి, అందులో పాఠం చెప్పేవారు తమలో తాము ఎప్పుడు మాట్లాడుకుంటారు? పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలి, ప్రయోగశాలలో ఏం నేర్పాలి, పరిశ్రమకు తరగతి గదికి దూరం ఎలా తగ్గాలి? తొలుత ప్రధానాచార్యులకే పరిమితమైన ఆ సంఘం 1968లో అధ్యాపకులందరికీ తలుపులు తెరిచి భారత సాంకేతిక విద్యా సంఘంగా మారింది. ఆ తర్వాత కళాశాలల్లో అధ్యాపక శాఖలు, విద్యార్థి శాఖలు ఏర్పడ్డాయి. అధ్యాపకులకు శిక్షణ తరగతులు, వార్షిక సభలు, సాంకేతిక విద్యాపత్రిక దాని కార్యక్రమాలు. యాదృచ్ఛికమే అయినా, విశ్వేశ్వరయ్య జయంతిని ఇంజనీర్ల దినోత్సవంగా జరపడం కూడా 1968లోనే మొదలైంది.

తొంభై ఏళ్లు దాటిన తర్వాత కూడా విశ్వేశ్వరయ్యను ప్రభుత్వాలు సలహాకోసం పిలిచేవి. బీహారులో మొకామా దగ్గర గంగానదిపై కట్టదలచిన వంతెనకు స్థలం నిర్ణయించే పనిలో ఆయన స్వయంగా పాల్గొన్నారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రదానం చేసింది. సమయపాలనలో, దుస్తుల్లో, సంభాషణలో ఆయన చివరివరకు ఒక క్రమాన్ని పాటించారు. ఆ కచ్చితత్వం దగ్గర పనిచేసేవారికి ఒక్కోసారి భారంగా తోచి ఉండవచ్చు. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. పుట్టిన ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి.

ఆయన పూనాకు బయలుదేరిన నాటికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పిల్లవాడికి ఇంజనీరింగు అన్న మాట చెవిన పడే అవకాశమే లేదు. 1929 తర్వాత కూడా హైదరాబాదు చేరి, అక్కడ ఉర్దూ మాధ్యమంలో చదవవలసి వచ్చేది. 2007లో జగిత్యాల సమీపాన కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. 2021లో సిరిసిల్లకు కూడా అటువంటి కళాశాల వచ్చింది. కోరుట్లలో పొద్దున బస్సెక్కిన విద్యార్థి జగిత్యాల మీదుగా నాచుపల్లి చేరి, మొదటి తరగతికి హాజరు కావచ్చు.